మనం అంటే ఎవరెవరు?

ఈ కథ మీకూ వాట్సాప్‌లో వచ్చే ఉంటుంది. ఆఫ్రికాలో ఒక పల్లెకి ఒక పరిశోధకుడు వెళ్తాడు. చెట్టు కింద పళ్ళబుట్ట పెట్టి, పిల్లల్ని దూరంగా నిలబెట్టి, ముందు ఎవరు చేరితే పళ్ళన్నీ వాళ్ళవే అంటాడు. పిల్లలంతా చేతులు పట్టుకుని ఒకేసారి పరిగెత్తి, బుట్ట చుట్టూ కూచుని పంచుకు తింటారు. ఎందుకలా చేశారని అడిగితే "ఉబుంటు" అంటారు. మిగతావాళ్ళంతా దిగులుగా ఉంటే ఒక్కరికి సంతోషం ఎలా ఉంటుంది అని దానికి అర్థం చెబుతారు.

మా మేనమామ ఈ కథ నాకు మూడుసార్లు పంపాడు. మంచి మనసున్న మనిషి, నలుగురికీ మంచి చెప్పాలన్న తాపత్రయం. కానీ మూడోసారి చదివినప్పుడు నాకు బాధేసింది. కథలో ఊరి పేరు లేదు. ఏ దేశమో లేదు, ఏ ఏడాదో లేదు. ఒక ఖండం తరతరాలుగా చేసుకున్న ఆలోచన అంతా పళ్ళబుట్ట దగ్గరి పిల్లలాటగా మిగిలింది. మనలో చాలామందికి ఉబుంటు అంటే ముందు గుర్తొచ్చేది కంప్యూటర్లో వేసుకునే సాఫ్ట్‌వేర్. ఆ తర్వాత ఈ కథ. అంతకుమించి తెలుసుకోవాల్సిన అవసరం మనకి రాలేదు.

నేను కొన్నేళ్ళుగా దీని గురించి దొరికిందల్లా చదువుతున్నాను. ఉబుంటు ఉరికంబాన్ని తీయించిన మాట. గుడిసెలు కూల్చబోయిన మున్సిపాలిటీని ఆపిన మాట. అలాంటి మాటనే కొన్నిచోట్ల ఆడపిల్లల ఇంటిని అమ్ముకోవడానికీ, లక్షలమందిని ఊళ్ళు ఖాళీ చేయించడానికీ అడ్డుపెట్టుకున్నారు. ఈ రెండు ముఖాలూ కలిపి చూస్తేనే అది మనకి ఏమైనా నేర్పుతుందని నా నమ్మకం.

పోర్ట్ ఎలిజబెత్ నుంచి మొదలుపెడతాను. దక్షిణాఫ్రికాలో ఒక రేవుపట్నం అది, 2021లో దాని పేరు మార్చారు. లొరైన్ అనే పేటలో ఖాళీగా పడున్న ప్రైవేటు స్థలంలో 29 గుడిసెలు వెలిశాయి. వాటిలో 68 మంది మనుషులు, అందులో 23 మంది పిల్లలు. కొందరు వచ్చి రెండేళ్ళయింది, కొందరు ఎనిమిదేళ్ళుగా అక్కడే ఉన్నారు. చాలామంది ఇంకోచోట నుంచి తరిమేస్తే ఇక్కడికి చేరినవాళ్ళు. చుట్టుపక్కలవాళ్ళు 1600 మంది సంతకాలు పెట్టి, వీళ్ళని ఖాళీ చేయించమని మున్సిపాలిటీకి అర్జీ ఇచ్చారు. మున్సిపాలిటీ కోర్టుకెక్కింది. గుడిసెలవాళ్ళు అడిగింది చాలా చిన్న విషయం. పొమ్మంటే పోతాం, కాస్త గడువివ్వండి, పోయి ఉండటానికి ఒక చోటు చూపించండి అన్నారు. చూపించిన చోటేమో అప్పటికే కిక్కిరిసిపోయి ఉంది, నేరాలెక్కువ, పైగా అక్కడ్నుంచి మళ్ళీ లేపెయ్యరన్న భరోసా లేదు.

ఇప్పుడు ఇక్కడ "సమాజం" ఎవరు? లెక్క వేస్తే 1600 మంది. సమష్టి ఆలోచన అంటే ఎక్కువమంది కోరిక అనుకుంటే ఆ 68 మందీ లేచిపోవాలి, కథ అయిపోవాలి. 2004లో దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం అలా అనుకోలేదు. తీర్పు రాసిన జడ్జి ఆల్బీ సాక్స్ సరిగ్గా ఇక్కడే ఉబుంటుని తీసుకొచ్చాడు. ఈ దేశంలో ఎక్కువమంది వారసత్వంలో లోతుగా ఉన్న ఆ భావం రాజ్యాంగం అంతటా అల్లుకుని ఉందనీ, అది వ్యక్తి హక్కుల్నీ సమష్టి ఆలోచననీ కలిపి పట్టుకుంటుందనీ రాశాడు. హక్కుల పట్టిక అంటే మనుషులు ఒకరి మీద ఒకరు ఆధారపడి బతుకుతారన్న సంగతిని చట్టం భాషలో చెప్పుకోవడమేనన్నాడు. ఇల్లులేనివాళ్ళని ఒకచోట నుంచి ఇంకోచోటికి తరుముతుంటే పరువు పోయేది వాళ్ళది మాత్రమే కాదు, చూస్తూ ఊరుకున్న సమాజం మొత్తం దిగజారుతుందన్నాడు. ముందు కూచుని మాట్లాడుకోండి, మధ్యవర్తిని పెట్టుకోండి, అది చెయ్యకుండా ఖాళీ చేయించమని నన్నడగొద్దు, స్థూలంగా ఆ తీర్పు సారం ఇది.

ఆ తీర్పు రాసిన మనిషి గురించి కూడా ఒక మాట చెప్పాలి. 1988లో మొజాంబిక్ రాజధాని మపూటోలో ఆయన కారులో బాంబు పెట్టారు. కుడిచెయ్యి పోయింది, ఒక కంటి చూపు పోయింది. వర్ణవివక్ష ప్రభుత్వం చేయించిన పని అది. మిగిలిన ఎడమచేత్తో రాయడం నేర్చుకున్న తెల్లజాతి జడ్జి, నల్లవాళ్ళ పల్లెల మాట పట్టుకుని గుడిసెలవాళ్ళని కాపాడాడు. నాకు ఈ విషయం తెలిసిన రోజు చాలాసేపు ఇంకేం చదవబుద్ధి కాలేదు.

ఆ న్యాయస్థానం ఉన్న చోటు కూడా మామూలుది కాదు. జొహానెస్‌బర్గ్‌లో పాత జైలు ప్రాంగణంలో కట్టారు. గాంధీని 1908లో, మండేలాని 1962లో పెట్టింది అక్కడే. విచారణ ఖైదీల బ్లాకుని పడగొట్టి, ఆ ఇటుకలతోనే కోర్టు గోడలు లేపారు. కోర్టు ముద్ర మీద చెట్టు కింద చేరిన జనం ఉంటారు.

ఉబుంటు చట్టంలోకి వచ్చింది కూడా ఇలాగే, ఎక్కువమంది ఒప్పుకోని మనుషుల కోసం. 1993 తాత్కాలిక రాజ్యాంగం చివర్లో ఒక చిన్న భాగం ఉంది. పగ వద్దు అర్థం చేసుకోవడం కావాలి, ప్రతీకారం వద్దు నష్టాన్ని పూడ్చడం కావాలి, మనిషిని బలిచెయ్యడం వద్దు ఉబుంటు కావాలి అన్న అర్థంలో రాశారు. 1995 జూన్ 6న మక్వన్యానే కేసులో 11 మంది జడ్జీలూ ఒక్కమాటగా ఉరిశిక్ష చెల్లదన్నారు. జనంలో ఎక్కువమంది ఉరిశిక్షే కావాలంటున్నారని అనుకున్నా సరే, సమాజం వెలివేసినవాళ్ళని కాపాడటానికే కోర్టు ఉందని ప్రధాన తీర్పు రాసిన ఆర్థర్ చాస్కల్సన్ స్పష్టంగా చెప్పాడు. అదే కేసులో ఇవాన్ మొగోరో అనే మహిళా జడ్జి ఉబుంటుని విడమరిచి చెప్పింది. హత్య చేసినవాడికి కూడా మనిషిగా ఉండే విలువ పోదని ఆమె చూపించిన దారి. 1996లో వచ్చిన అసలు రాజ్యాంగంలో ఆ మాట కనపడదు. అయినా తీర్పుల్లో బతికే ఉంది.

జులూలో అసలు సామెత ఇది: ఉముంటు న్గుముంటు న్గబంటు. మనిషి మనుషుల వల్లే మనిషి. షోనాలో హున్హు అంటారు, సోతో, త్స్వానా భాషల్లో బోతో అంటారు, స్వాహిలిలో ఊటు అంటారు. "మేమున్నాం కాబట్టి నేనున్నాను" అన్న వాక్యం చాలామంది విని ఉంటారు. కెన్యా తత్వవేత్త జాన్ మ్‌బీటీ 1969లో రాసిన వాక్యం అది. చదవడానికి హాయిగా ఉంటుంది. కానీ అందులో ఒక చిక్కు ఉంది, ఆఫ్రికా తత్వవేత్తలే దాని మీద చాలా ఏళ్ళు వాదించుకున్నారు.

నైజీరియాకి చెందిన ఇఫియాన్యి మెన్కిటి 1984లో ఏమన్నాడంటే, పుట్టగానే ఎవరూ పూర్తి మనిషి అయిపోరు, సంఘంలో పెరిగి, బాధ్యతలు నెత్తినెత్తుకుని, మెల్లగా మనిషవుతారు. కాబట్టి బాధ్యత ముందు, హక్కు తర్వాత. ఘనాకి చెందిన క్వామే జేచే దీనికి అడ్డం తిరిగాడు. మనుషులంతా దేవుడి బిడ్డలు, మట్టికి పుట్టినవాళ్ళు ఎవరూ లేరు అని అకాన్ ప్రజల సామెత ఒకటుంది. అంటే సంఘం ఇచ్చినా ఇవ్వకపోయినా మనిషికి విలువ ఉంటుంది. ఆయన ఇంకో సామెత కూడా ఎత్తి చూపించాడు: వంశం అడవిలాంటిది, దూరం నుంచి చూస్తే చెట్లన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ముద్దలా కనపడతాయి, దగ్గరికెళ్తే ఒక్కొక్క చెట్టూ విడిగా నిలబడి ఉంటుంది.

నేను జేచే పక్షం. ఎందుకో చెప్పడానికి కేప్‌టౌన్ దగ్గర ఖయెలిచ అనే పేటలో ఇద్దరు ఆడపిల్లల సంగతి చాలు. తండ్రి చనిపోయాడు. తల్లికీ ఆయనకీ పెళ్ళి కాలేదు. సంప్రదాయ చట్టం ప్రకారం ఆస్తి మగవారసుడికే పోవాలి, కాబట్టి పిల్లల తాతగారికి పోతుంది. ఆయన ఆ ఇంటిని అమ్మేసి, అంత్యక్రియల ఖర్చులు తీర్చుకుందామనుకున్నాడు. పిల్లలు, తల్లి ఉన్న ఇల్లు అది. ఆచారాన్ని సమర్థించేవాళ్ళ వాదన తేలిగ్గా తీసెయ్యాల్సింది కాదు: మగవారసుడు ఆస్తితోపాటు కుటుంబాన్ని పోషించే బాధ్యత కూడా తీసుకునేవాడు, అందరిదీ ఒక్క కుటుంబం అన్నదే దాని మూలం. నిజమే, ఒకప్పుడు. కానీ ఉమ్మడి కుటుంబం చెదిరిపోయాక ఆస్తి మాత్రం మగవాడికి మిగిలింది, బాధ్యత గాలికి పోయింది. భే పేరుతో నడిచిన ఆ పిల్లల కేసులో 2004లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ నియమాన్ని కొట్టేసింది. ఆచారం అంటే ఎప్పుడో పుస్తకంలో రాసిపెట్టింది కాదు, జనం ఇవాళ బతుకుతున్న తీరు అని ఆ కోర్టు వేరే కేసుల్లో కూడా చెప్పింది. ఆస్తి పంపకాలప్పుడు ఆడపిల్లల చేత "నాకేం వద్దు" అని రాయించుకునే ఇళ్ళు మనకీ తెలుసు. అక్కడ కూడా వాడేది కుటుంబం అనే మాటే.

దొంగ "మనం" ఇంట్లోనే కాదు, దేశం మొత్తం స్థాయిలో కూడా ఉంటుంది. టాంజానియాలో జూలియస్ నైరేరే 1967లో అరూషా ప్రకటనతో ఉజమా అన్నాడు. అంటే కుటుంబంలా బతకడం. నైరేరే నిజాయితీ మీద నాకు సందేహం లేదు, ఆయన హయాంలో చదువు పెరిగింది. కానీ జనం వాళ్ళంతట వాళ్ళు ఉమ్మడి పల్లెలకి రాకపోయేసరికి 1973 నుంచి తప్పనిసరి చేశారు. మూడేళ్ళలో 50 లక్షలమందికి పైగా జనాన్ని కొత్త ఊళ్ళకి తరలించారు. కొన్నిచోట్ల తిరిగి వెళ్ళకుండా పాత ఇళ్ళు తగలబెట్టారు. పొలాలకి దూరమైన రైతులు పంట తగ్గి అవస్థపడ్డారు. కలిసి బతకమని పోలీసులు చెప్పాల్సి వచ్చిందంటే అక్కడ కలవడం అన్నదే లేదు.

వర్ణవివక్ష కాలం నాటి నేరాల మీద దక్షిణాఫ్రికా పెట్టిన సత్యశోధన కమిషన్ సంగతి కూడా నాకు మింగుడుపడదు. దాన్ని నడిపిన ఆర్చిబిషప్ డెస్మండ్ టుటు మీద గౌరవంతోనే ఈ మాటంటున్నాను. నిజం ఒప్పుకున్న హంతకుడికి క్షమాభిక్ష పెట్టే ఏర్పాటు అది. అంతర్యుద్ధం రాకుండా ఆపిందంటారు, కాదనను. 1977లో పోలీసు కస్టడీలో చనిపోయిన వర్ణవివక్ష వ్యతిరేక నాయకుడు స్టీవ్ బీకో కుటుంబం, ఇంకొన్ని కుటుంబాలు ఈ క్షమాభిక్ష మాకొద్దని కోర్టుకి వెళ్తే 1996లో ఓడిపోయాయి. సరే, అంత పెద్దమనసు బాధితులు చూపించారు కదా, అవతలివైపు నుంచి ఏం వచ్చింది? పెద్ద వ్యాపారాల మీద పన్ను వేసి నష్టాన్ని పూడ్చమని కమిషన్ సూచిస్తే ప్రభుత్వం ఒప్పుకోలేదు. 2003లో బాధితులకి తలా 30,000 రాండ్లు ఒక్కసారి ఇచ్చి ముగించారు, కమిషన్ సిఫారసు చేసినదానికి అది చాలా తక్కువ. క్షమించడం పేదల వంతైంది. నష్టం పూడ్చడం ఎవరి వంతూ కాలేదు. తాత్కాలిక రాజ్యాంగంలోని ఆ వాక్యంలో రెండూ పక్కపక్కనే ఉన్నాయి, ఒకటే తీసుకున్నారు.

ఇన్ని చెప్పాక, మరి ఉబుంటుని వదిలేద్దామా అంటే, నేనొప్పుకోను. ఎందుకంటే ఆ దొంగ "మనం"ని పట్టుకునే పరికరం కూడా ఆ ఆలోచనలోనే ఉంది. ఇందాకటి సామెతకి తోబుట్టువు లాంటి సామెత ఇంకోటుంది: ఇన్‌కోసి యిన్‌కోసి న్గబంటు. రాజు జనం వల్లే రాజు. బోట్స్వానాలో ఊరిపెద్ద దగ్గర జనమంతా కూడే చోటుని ఖోట్ల అంటారు. ఖోట్లలో పలికిన ప్రతి మాటా అందమైనదే అని అక్కడి నానుడి. తప్పు మాట్లాడేవాణ్ణి కూడా చివరిదాకా మాట్లాడనివ్వాలి. వినకుండా పెద్దమనిషి తీర్పు చెప్పడానికి లేదు.

ఈ సామెతకి కోర్టులో ఎంత బలముందో హిందూ మహాసముద్రం ఒడ్డున తేలింది. దక్షిణాఫ్రికా తూర్పు తీరంలో ఒక భాగాన్ని వైల్డ్ కోస్ట్ అంటారు. అక్కడ షొలొబేని అనే చోట ఎర్రటి ఇసుకదిబ్బల్లో టైటానియం ఉంది. తీరం వెంబడి సుమారు 22 కిలోమీటర్ల మేర తవ్వుకుంటామని ఒక ఆస్ట్రేలియా కంపెనీ వచ్చింది. అక్కడి అమాంపొండొ ప్రజలు మొక్కజొన్న, చిలగడదుంప వేసుకుంటారు, పశువుల్ని మేపుకుంటారు, చేపలు పట్టుకుంటారు, తాతముత్తాతల సమాధులు ఇళ్ళ దగ్గరే ఉంటాయి. గని వద్దని పోరాడిన అమాదిబా కమిటీ నాయకుడు సిఖొసిఫి రదేబెని 2016 మార్చిలో ఇంటి దగ్గరే కాల్చి చంపారు. 2018 నవంబరులో ప్రిటోరియా హైకోర్టు జడ్జి అనాలి బాసన్ తీర్పు చెప్పింది: ఆచారం ప్రకారం భూమి ఉన్న ఆ జనం పూర్తిగా తెలిసి ఒప్పుకుంటే తప్ప గనికి అనుమతి ఇవ్వడానికి వీల్లేదు. సంప్రదించాం అంటే సరిపోదు. ఒప్పుకోలు కావాలి.

తర్వాత అదే తీరంలో సముద్రం అడుగున చమురు కోసం షెల్ కంపెనీ శబ్దతరంగాలతో సర్వే చెయ్యబోయింది. అందరికీ చెప్పాం కదా అంది. ఎలా చెప్పిందో చూడండి. ఇంగ్లీషు, ఆఫ్రికాన్స్ పేపర్లలో ప్రకటన వేశారు. తీరంలో జనం మాట్లాడేది షోసా. మిగతాది రాజులతో మాట్లాడి ముగించారు. 2022 సెప్టెంబరు 1న మఖాండా హైకోర్టు ఆ అనుమతిని కొట్టేసింది. జనాన్ని అడక్కుండా జనం తరఫున మాట్లాడే అధికారం పెద్దలకి ఏ చట్టమూ ఇవ్వలేదంది. సముద్రంలో మా పూర్వీకులుంటారు, వాళ్ళని కదిలించొద్దు అన్న జనం మాటని కూడా పక్కన పెట్టకుండా లెక్కలోకి తీసుకుంది. 2024లో అప్పీలు కోర్టు కూడా అనుమతి చెల్లదనే అంది, కాకపోతే ఆ అనుమతి పునరుద్ధరణకి తలుపు తెరిచి ఉంచింది. కాబట్టి ఆ కథ అక్కడితో ముగిసిపోలేదు.

ఆ పేపరు ప్రకటనల సంగతి చదువుతుంటే నాకు మా నాయనమ్మ బొటనవేలు గుర్తొచ్చింది.

మా ఊరి పొలాలు ఒక రిజర్వాయరు కిందకి పోతాయని చెప్పడానికి బడి ఆవరణలో షామియానా వేశారు. నాకు పదహారేళ్ళు, సెలవులకి వచ్చి ఉన్నాను. మీటింగు నలభై నిమిషాలు. మైకులో చదివిన కాగితంలో "ప్రజాప్రయోజనార్థం" అన్న మాట తప్ప నాకేం అర్థం కాలేదు. ఊరి తరఫున ఇద్దరు లేచి అభివృద్ధికి మేం అడ్డం కాదు అన్నారు. ముందురోజు రాత్రి వాళ్ళతో మాటలు అయిపోయాయని తర్వాత తెలిసింది. ఆడవాళ్ళు షామియానా చివర, ఎండ పడేచోట కూచున్నారు. చివర్లో రిజిస్టరు తిప్పారు. ఊదారంగు స్టాంపుప్యాడ్. నాయనమ్మ వేలు పట్టుకుని ఒకతను ముద్ర వేయించాడు, ఆవిడ తిరిగి తిరిగి ఏదో అడుగుతూనే ఉంది. ఇంటికొచ్చాక కొంగుతో వేలు తుడుచుకుంటూ, "ఏం రాశారో చదివి చెప్పు బాబూ అన్నానురా. తర్వాత చదువుకోవచ్చులే మామ్మా అన్నాడు. నాకు చదువొస్తే వాణ్ణెందుకు అడుగుతాను?" అంది. ఆ ఊదారంగు మరక చీర కొంగు మీద అలాగే ఉండిపోయింది. ఊరంతా ఒప్పుకున్నారని మినిట్స్‌లో రాసుకున్నారు. ఆవిడకి ఉన్నది ఎకరన్నర.

రిజర్వాయరు వద్దని నేననడం లేదు. నీళ్ళొచ్చిన ఊళ్ళున్నాయి, ఆ రైతుల సంతోషం నేను కళ్ళారా చూశాను. నా గొంతులో ఇప్పటికీ అడ్డుపడేది ఆ నలభై నిమిషాలు. మన 2013 భూసేకరణ చట్టం ప్రైవేటు ప్రాజెక్టుకి 80 శాతం, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యానికి 70 శాతం మంది అంగీకారం కావాలంది, సామాజిక ప్రభావం మీద అధ్యయనం జరగాలంది. ఎన్నో పోరాటాల తర్వాత వచ్చిన రక్షణ అది. తర్వాత తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ సవరణలు చేసుకుని కొన్ని రకాల ప్రాజెక్టులకి వాటిని అక్కర్లేదనేశాయి. అనంతగిరి మండలం గిరిజనుల ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకి ఇచ్చిన గనుల లీజులు చెల్లవని 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు మనకి ఉంది. ఒడిశాలోని నియమగిరిలో 2013లో 12 పల్లెల సభలూ గని వద్దన్నాయి. అంటే ఈ ఆలోచన మనకి కొత్తదేం కాదు, మనం నిలబెట్టుకోలేకపోతున్నది.

దీనికి ఎదురయ్యే ప్రశ్న నాకు తెలుసు. అందరూ ఒప్పుకునేదాకా ఆగితే ఒక్క రోడ్డు కూడా పడదు, ఒక్కడు మొండికేస్తే ఊరంతా చీకట్లో ఉండాలా? న్యాయమైన ప్రశ్నే. ఘనా తత్వవేత్త క్వాసి విరెడు దీని మీద చాలా ఆలోచించాడు. అకాన్ పెద్దల సభల్లో ఏకాభిప్రాయం అంటే అందరి మనసూ ఒకటైపోవడం కాదని ఆయన వివరణ. ఒప్పుకోనివాడి అభ్యంతరం కూడా నిర్ణయంలో ఎక్కడో ఒకచోట కనపడాలి, ఇప్పటికి ఇలా చేద్దాం అని వాడు కూడా అనగలగాలి. ఒకే కడుపుకి రెండు తలలున్న మొసలి బొమ్మ అకాన్ కళలో ఉంటుంది. తలలు తిండి కోసం కొట్టుకుంటాయి, పోయేది మాత్రం ఒకే కడుపులోకి. ఓట్ల లెక్కలో 30 శాతం మంది ఓడిపోయి ఇంటికెళ్తారు. ఖోట్లలో వాళ్ళ మాట వినకుండా సభ లేవదు. ఆలస్యమవుతుంది, నిజమే. ఆ ఆలస్యాన్ని ఖర్చుగా లెక్కేసుకున్నాం గానీ, అడక్కుండా చేసినందుకు ఎన్నో ఏళ్ళు కోర్టుల్లో పోయే కాలాన్ని మనం ఎందులోనూ రాసుకోవడం లేదు.

ఈ దారిలో మొత్తం ఖండానికి ఒక చట్టం ఉంది. 1981లో నైరోబీలో ఆమోదించిన ఆఫ్రికా మానవ, ప్రజల హక్కుల ఒప్పందం, 1986 నుంచి అమల్లో ఉంది. "మానవ" పక్కన "ప్రజల" అన్న మాట చూడండి. హక్కు ఒక మనిషికే కాదు, ఒక జనానికి కూడా ఉంటుందని అందులో రాశారు. 22వ అధికరణం అభివృద్ధి హక్కు, 24వది మంచి పర్యావరణంలో బతికే హక్కు. అభివృద్ధి ఒక హక్కు అని 1972లోనే గట్టిగా చెప్పిన సెనెగల్ న్యాయమూర్తి కేబా మ్‌బాయే ఈ ఒప్పందం తయారీలో ముఖ్యుడు. 27 నుంచి 29 దాకా మనిషి బాధ్యతలున్నాయి. ఆ బాధ్యతల్ని చూపించి ప్రభుత్వాలు నోరు నొక్కుతాయేమో అని చాలామంది భయపడ్డారు, ఆ భయం అర్థం లేనిది కాదు.

కానీ ఇదే ఒప్పందంతో కెన్యాలో ఎండొరోయి పశుపోషకులు గెలిచారు. 1970లలో బోగోరియా సరస్సు చుట్టూ ఉన్న వాళ్ళ భూమిని వన్యప్రాణుల రక్షిత ప్రాంతంగా చేసి వాళ్ళని పంపేశారు. వేడినీటి బుగ్గలు, పశువులు నాకే ఉప్పునేల, పూజలు చేసుకునే చోట్లు, అన్నీ కంచె అవతల ఉండిపోయాయి. 2009లో, ఈ ఒప్పందం అమలు చూసే ఆఫ్రికా కమిషన్ వాళ్ళ పక్షాన తీర్పిచ్చింది. అభివృద్ధి హక్కు ఉల్లంఘన జరిగిందని అంతర్జాతీయ స్థాయిలో తేల్చిన తొలి నిర్ణయాల్లో అది ఒకటి. ప్రభుత్వం ఏదో కట్టిచ్చినంత మాత్రాన అభివృద్ధి కాదు, ఎలా బతకాలో ఎంచుకునే వీలు జనానికి పెరగాలి, అది జరిగే తీరు కూడా అభివృద్ధిలో భాగమే అని కమిషన్ చెప్పింది. సుస్థిర అభివృద్ధి గురించి 1987 నుంచి ప్రపంచమంతా మాట్లాడుతున్నది రాబోయే తరాల గురించే. ఆఫ్రికా సమష్టి ఆలోచనలో పోయినవాళ్ళు, ఉన్నవాళ్ళు, పుట్టబోయేవాళ్ళు ముగ్గురూ ఊళ్ళో సభ్యులే. ఎండొరోయిలకి ఆ సరస్సు ముగ్గురిదీ.

కెన్యాలోనే మావు అడవిలో ఒగియెక్‌ల సంగతి ఇంకా బాధగా ఉంటుంది. తేనె పట్టుకుని బతికే జనం. దుంగల్ని తొలిచి తేనెపెట్టెలు చేసి చెట్లకి కడతారు. 2009 అక్టోబరులో 30 రోజుల్లో అడవి ఖాళీ చెయ్యమని నోటీసిచ్చారు. నీటి వనరుల్ని కాపాడటానికి అన్నారు. అరూషాలో ఉన్న ఆఫ్రికా కోర్టు 2017 మే 26న దాన్ని ఒప్పుకోలేదు: అడవి పాడైంది ఒగియెక్‌ల వల్ల కాదు, బయటివాళ్ళ ఆక్రమణలవల్ల, ప్రభుత్వమే భూములు కేటాయించడంవల్ల, కలప నరికే అనుమతులవల్ల అంది. 2022 జూన్ 23న 15 కోట్ల 78 లక్షల 50 వేల కెన్యా షిల్లింగుల పరిహారం ఇమ్మనీ, వాళ్ళ పూర్వీకుల భూమికి ఉమ్మడి పట్టా ఇమ్మనీ ఆదేశించింది. 2023 నవంబరులో మావు అడవిలో ఒగియెక్‌ల ఇళ్ళు మళ్ళీ కూల్చారు.

మొన్న ఆదివారం మా మేనమామకి ఫోన్లో ఇదంతా చెప్పాను. గంటసేపు విన్నాడు. తేనెపెట్టెలు ఏ చెక్కతో చేస్తారని అడిగాడు, నాయనమ్మ వేలిముద్ర సంగతి తనకి ఎప్పుడూ ఎందుకు చెప్పలేదని అడిగాడు. తర్వాత, "ఆ తీర్పులు తెలుగులో ఎక్కడైనా ఉన్నాయా?" అన్నాడు. నా కంటపడలేదు మామయ్యా అన్నాను.

"అయితే నువ్వు రాసెయ్యరా. ఆ పళ్ళబుట్ట పంపినవాళ్ళందరికీ నేను ఇది పంపుతాను."